వైకింగ్: జాతి పేరు కాదు, పని పేరు

తిరుపతిలో గ్రూప్స్‌కో, టీచరు పోస్టులకో చదివే పిల్లలకు కొదవ లేదు. వాళ్ల చేతుల్లో తిరిగే జనరల్ నాలెడ్జి బిట్లలో ‘వైకింగులు ఎవరు?’ అన్నది అప్పుడప్పుడూ తగులుతుంది. ‘ఉత్తర ఐరోపాకు చెందిన ఒక జాతి’ అన్నచోట టిక్కు పెట్టేసి ముందుకు పోతారు. ఇంకొందరు పేరులోనే కింగ్ ఉంది కదా, సముద్రపు రాజులై ఉంటారులే అనుకుంటారు. రెండూ తప్పే. రెండో తప్పు రెండు మాటల్లో తేలిపోతుంది కాబట్టి దాన్ని ముందు వదిలించుకుందాం.

ఈ పదాన్ని వై-కింగ్ అని విరవకూడదు. స్వీడన్, నార్వే, డెన్మార్కులవాళ్లు ఆ కాలంలో మాట్లాడిన పాత నార్స్ భాషలో దీని రూపం ‘వీకింగ్ర్’. వీక్, ఇంగ్, ర్ అని మూడు ముక్కలు. ‘డుమువులు ప్రథమా విభక్తి’ అని బళ్లో వల్లెవేసినవాళ్లకు చివరి ‘ర్’ సంగతి చెప్పాల్సిన పనిలేదు: రాముడులో ‘డు’ చేసే పనే అక్కడ ‘ర్’ చేస్తుంది, పుంలింగ ఏకవచనం. ‘ఇంగ్’ అంటే ఫలానాదానికి సంబంధించినవాడు. ఆ భాషలో రాజును ‘కొనుంగ్ర్’ అంటారు, దాని మొదటి ముక్కకూ ‘వీక్’కూ చుట్టరికం లేదు. ‘వై’ అన్న పలుకుబడి ఇంగ్లీషువాళ్లది. స్వీడన్, నార్వే, డెన్మార్కుల్లో ఇవాళ్టికీ ‘వీకింగ్’ అనే అంటారు, ఈకారం దీర్ఘం. ఆ రోజుల్లో మొదటి అక్షరం పెదవులు గుండ్రంగా చుట్టి పలికేది, తర్వాత పంటికి తగిలేలా మారింది. మన ‘వ’ ఆ తేడా చూపించదు కాబట్టి మనకు ఆ బాధ లేదు.

ఇక మిగిలింది ‘వీక్’ అన్న ముక్క. పండితుల తగాదా అంతా దాని మీదే. ఆ తగాదాలోకి దిగేముందు, చాలామంది దాటేసే ఒక సంగతి చూడాలి. పాత నార్స్‌లో ఉన్నది ఒక పదం కాదు, రెండు. పుంలింగంలో ‘వీకింగ్ర్’ అంటే మనిషి. స్త్రీలింగంలో ‘వీకింగ్’ అంటే పని, అంటే సముద్రం మీద దోపిడీకో యుద్ధానికో వెళ్లే యాత్ర. ‘ఫారా ఈ వీకింగ్’ అనేది వాళ్ల నుడికారం: వీకింగ్‌కు పోవడం. వేటకు పోయాడు అన్నట్టే వీకింగ్‌కు పోయాడు అంటారు. పోయినన్నాళ్లూ వాడు వీకింగ్ర్, తిరిగొచ్చి నాగలి పడితే రైతు. ఐస్‌లాండులో స్థిరపడినవాళ్లలో ఎక్కువమంది పశువులు కాసుకునే రైతులే, వాళ్లు తమను తాము వీకింగులని చెప్పుకోలేదు. పదం ఎక్కడినుంచి పుట్టిందని ఎవరు ఏ వాదం చేసినా ఈ రెండు రూపాలకూ జవాబు చెప్పి తీరాలి. ఒక్క పుంలింగానికే జవాబు చెప్పి చేతులు దులుపుకుంటే ఒప్పుకోకూడదు.

ఇవన్నీ తర్వాతివాళ్ల కథల్లోంచి ఏరుకొచ్చినవి కావు. ఆ కాలపు మనుషులు రాతిమీద చెక్కించినవి ఉన్నాయి. స్వీడన్‌లో వెక్షో ప్రధాన చర్చి దగ్గర ఒక శాసనం ఉంది: గ్రీమ్ కొడుకు గున్నార్ జ్ఞాపకార్థం టోకి అనే వీకింగ్ ఈ రాయి నిలిపాడు, దేవుడు అతని ఆత్మను కాపాడుగాక అని. చివరి మాట క్రైస్తవ ప్రార్థన, గమనించండి. వీకింగ్ అనగానే అన్యమతస్థుడని తేల్చేయడానికి లేదు. ఆ రాతిమీద వీకింగ్ర్ అన్న మాట ఆరే అక్షరాల్లో ఉంటుంది: ఉ, ఇ, క, ఇ, క, ర. ‘వ’కు విడిగా అక్షరం లేదు, ఉ తోనే సరిపెట్టారు. గ కూ క కూ ఒకటే గుర్తు. గ ముందు వచ్చే అనునాసికాన్ని చాలాసార్లు చెక్కరు. అప్పటి రూన్ లిపిలో ఉన్నవే 16 అక్షరాలు మరి. ఈ సంగతి తెలియక శాసనం ఫొటో చూసినవాళ్లు ‘ఉయికిక్ర్ అని ఉంది, ఇది వేరే మాటేమో’ అని పక్కదారి పడతారు.

స్త్రీలింగ రూపమూ రాళ్లమీద ఉంది. హెర్లింగ్‌స్టోర్ప్ అనే చోట టోలా అనే తల్లి తన కొడుకు గెయిర్ కోసం రాయి నిలిపింది: ‘పడమటి దారిలో వీకింగ్‌లో చనిపోయాడు’. దక్షిణ స్వీడన్‌లోని స్కోనె ప్రాంతంలో వెస్త్రా స్త్రో దగ్గర ఫాదిర్ అనేవాడు తమ్ముడో అన్నో అయిన అస్సుర్ గురించి చెక్కించాడు: ఉత్తరాన వీకింగ్‌లో పోయాడని. ఈ రెండు చోట్లా అది ఒక పనికి పేరు, మనిషికి కాదు.

నాకు వీటన్నిటికంటే విలువైనదిగా తోచేది స్వీడన్‌లోనే ఉప్‌లాండ్ ప్రాంతంలో బ్రో చర్చిలో ఉన్న శాసనం. గిన్‌లౌగ్ అనే ఆమె తన భర్త (ఇతని పేరూ అస్సురే) పేరిట వంతెన కట్టించి, రాయి నిలిపి, ఆయన ‘వీకింగుల కావలి’ చేసేవాడని రాయించింది. అంటే స్వీడన్ తీరాన్ని వీకింగుల బారినుంచి కాచే కాపలాదారు. స్వీడన్‌వాళ్లే తమ తీరానికి వీకింగులు రాకుండా కాపలా పెట్టుకున్నారంటే, అది వాళ్ల జాతి పేరు ఎలా అవుతుంది? జాతి అని టిక్కు పెట్టిన బిట్టుకు ఈ ఒక్క రాయి చాలు.

నార్స్ నేల దాటి ఇంగ్లండుకు పోతే ఇంకో వింత. క్రీ.శ. 700 ప్రాంతపు ఒక లాటిన్-పాత ఇంగ్లీషు పదాల పట్టీలో సముద్రపు దోపిడీకి సంబంధించిన లాటిన్ మాటకు ఎదురుగా ‘వీకింగ్’ ముక్క చేరిన సమాసం రాసి ఉంది. వైకింగుల కాలం మొదలని అందరూ చెప్పేది ఇంగ్లండు తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడి, అది 793లో జరిగింది. అంటే దాడికి దాదాపు వందేళ్ల ముందే ఇంగ్లీషువాళ్ల దగ్గర మాట ఉంది! ఇవాళ్టి నెదర్లాండ్స్ తీరం వైపు మాట్లాడిన పాత ఫ్రీసియన్ భాషలో ‘విట్‌సింగ్’ అన్న రూపం ఉంది. అందులో క ధ్వని ట్స్‌గా మారడమే ఆ మాట అక్కడ పాతదని చెప్పే సాక్ష్యం, ఎందుకంటే ఆ ధ్వనిమార్పు వైకింగుల దాడులకు ముందటిది. పాత ఇంగ్లీషు పద్యంలో ఎర్రసముద్రం దాటే ఇశ్రాయేలీయులను కూడా ‘సముద్రపు వీకింగులు’ అన్న సందర్భం ఉంది. అక్కడ జాతి ఊసే లేదు, నీళ్లమీద పోయే వీరులని మాత్రమే. తమాషా ఏమిటంటే 793 దాడి గురించి రాసిన ఆంగ్లో-సాక్సన్ వృత్తాంతంలో (ఏ ఏడాది ఏం జరిగిందో ఇంగ్లీషువాళ్లు రాసిపెట్టుకున్న చరిత్ర) వీకింగ్ అన్న మాట లేదు, ‘అన్యమతస్థులు’ అని ఉంది. ఆ వృత్తాంతాల్లో ఎక్కువగా వాడింది అన్యమతస్థులు, డేన్లు (డెన్మార్కువాళ్లు), సైన్యం అన్న మాటలే. 879లో ఫుల్‌హామ్ దగ్గర దిగిన గుంపును వీకింగుల గుంపు అన్నట్టు అక్కడా ఇక్కడా మాత్రమే ఈ పదం కనిపిస్తుంది.

ఇప్పుడు ‘వీక్’ మాటకొద్దాం.

అందరూ చెప్పే మొదటి వాదం: నార్స్‌లో ‘వీక్’ అంటే చిన్న అఖాతం, సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన ఒంపు. ఐస్‌లాండు రాజధాని రేక్యవీక్, నార్వేలోని నార్వీక్ పేర్లలో ఉన్నది ఇదే. రేక్యవీక్ అంటే పొగల అఖాతం, వేడినీటి ఊటల ఆవిరి చూసి పెట్టిన పేరు. ఒంపుల్లో పడవలు దాచి, దారినపోయే ఓడలమీద పడేవాళ్లు కాబట్టి వీకింగులు అంటారు. వినడానికి బాగుంటుంది. చిక్కేమిటంటే ఆ తీరంలో ప్రతివాడూ ఏదో ఒక అఖాతం పక్కన బతికేవాడే, చేపలు పట్టేవాడూ పడవ ఆపేది అక్కడే. దొంగకే ఆ పేరు ఎందుకు అతుక్కోవాలి? పైగా స్త్రీలింగ ‘వీకింగ్’కు ఇది జవాబు చెప్పలేదు. పనిని చెప్పే అలాంటి స్త్రీలింగ పదాలు మామూలుగా క్రియలనుంచి పుడతాయి, ‘అఖాతం’ లాంటి నామవాచకం నుంచి కాదు.

రెండోది: ఇవాళ్టి ఓస్లో దగ్గరి సముద్రపు పాయ చుట్టుపక్కల ప్రాంతాన్ని ‘వీకిన్’ అనేవారు, అక్కడివాళ్లు వీకింగులు అని. ఇది నిలబడదు. ఆ ప్రాంతపువాళ్లకు పాత రాతల్లో ఉన్న పేరు ‘వీక్‌వెర్యార్’. చిత్తూరోళ్లు, నెల్లూరోళ్లు అన్నప్పటి ‘ఓళ్లు’ పని చేసే ప్రత్యయం అది. ఉన్న పేరు ఉండగా ఇంకో పేరెందుకు? 789లో ఇంగ్లండులోని పోర్ట్‌లాండ్‌లో దిగిన మూడు ఓడలు కూడా ఒక వృత్తాంత ప్రతి ప్రకారం హోర్దలాండ్‌వి, అది నార్వేకు పడమటి తీరం. ఓస్లో వైపు కాదు.

మూడోది మన చిత్తూరువాళ్లకు చప్పున ఎక్కే వాదం. లాటిన్ ‘వికుస్’ నుంచి పాత ఇంగ్లీషులోకి ‘విక్’ వచ్చింది. అంటే విడిది, అంగడి ఊరు. ఇప్స్‌విచ్, నార్విచ్ పేర్ల చివర ఉన్నది అదే. విడిది వేసుకునేవాడు కాబట్టి వీకింగ్ అయ్యాడు అంటారు. మనకు పాళెం అంటే సైన్యపు విడిది. బంగారుపాళెం లాంటి ఊరిపేర్లలో ఇంకా బతికే ఉంది. పాళెం పట్టుకుని ఉన్నవాడు పాలెగాడు. విజయనగరం కాలంలో కావలికీ, సైన్యానికీ బాధ్యుడు. తర్వాత ఎదురుతిరిగినవాడు, ఊళ్లమీద పెత్తనం చేసేవాడు అన్న అర్థాలూ వచ్చి చేరాయి. పాలెగాళ్ల జాతి, పాలెగాళ్ల భాష అని మనం ఎవరమైనా అంటామా? అనం. పదం నడిచిన తీరు సరిగ్గా ఇదే కాబట్టి ఈ వాదాన్ని నమ్మేయాలనిపిస్తుంది. కానీ కాలం కుదరదు. వీకింగులు ఇంగ్లండులో విడిది వేసి చలికాలం గడపడం 850 తర్వాతి మాట, పదమేమో 700 నాటికే రాతలో ఉంది. విడిది అర్థం కాదు, అంగడి ఊరు అర్థమే అనుకుందామంటే, ఆ ఊళ్లలో ఉండేది వర్తకులు, దోపిడీకి గురయ్యేవాళ్లు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మ్యాపులో విక్, విచ్, వీక్ కనబడ్డ ప్రతి ఊరినీ ఒకే గాటన కట్టకూడదు. స్కాట్లండుకు ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లోని లెర్విక్ నార్స్ ‘అఖాతం’. ఇప్స్‌విచ్ ఇంగ్లీషు ‘అంగడి’. యార్క్ మరీ గడుసుది: ఇంగ్లీషువాళ్ల ఎయోఫర్‌విక్‌ను నార్స్‌వాళ్లు తమ చెవికి తగ్గట్టు యోర్‌వీక్ చేసుకున్నారు. ఇవాళ్టి స్పెల్లింగు చూసి తేల్చకుండా ఆ ఊరి పేరు దొరికిన అన్నిటికంటే పాత రూపం ఏదో చూడాలి, తర్వాత అక్కడ ఏ భాష మాట్లాడేవారో చూడాలి, అది నిజంగా సముద్రపు ఒంపులో ఉందో లేదో చూడాలి. నదిమీద లోపలికి ఉన్న ఊరైతే అఖాతం అర్థం మీద అనుమానం పెట్టుకోవాల్సిందే.

నాలుగో వాదం క్రియనుంచి మొదలవుతుంది. ‘వీక్య’ అంటే పక్కకు తిరగడం, తప్పుకోవడం. ఊరు విడిచి పక్కదారి పట్టిన యాత్ర కాబట్టి వీకింగ్ అని 1944లో ఫ్రిట్స్ అస్కెబెర్గ్ అనే పండితుడు అన్నాడు. క్రియ దొరికింది కాబట్టి స్త్రీలింగ రూపం ఇబ్బంది పెట్టదు. కానీ అర్థం మరీ పలచన. ఊరు విడిచి ఎవరు పోలేదు?

అదే క్రియను పట్టుకుని ఓడలోకి దిగిన వాదం అయిదోది. నాకు బలమైనదిగా కనిపించేది ఇదే. 1983లో బెర్టిల్ డాగ్‌ఫెల్ట్ ప్రతిపాదించాడు, 2005లో ఎల్దార్ హెయిదె భాషాశాస్త్రం వైపునుంచి గట్టిపరిచాడు. దీన్ని అర్థం చేసుకోవాలంటే వైకింగ్ అనగానే కళ్లముందుకొచ్చే చారల తెరచాపను కాసేపు దించేయాలి. 1863లో డెన్మార్కులో నీదామ్ అనే బురదనేలలో దొరికిన పడవ క్రీ.శ. 320 ప్రాంతానిది. దాదాపు 23 మీటర్ల పొడవు, 15 జతల తెడ్లు. తెరచాప కొయ్య లేదు. స్కాండినేవియాకు తెరచాప వచ్చింది చాలా ఆలస్యంగా. అక్కడ తెరచాపతో దొరికిన ఓడల్లో పాతదైన నార్వేలోని ఊసెబెర్గ్ ఓడ 820 ప్రాంతంలో కట్టినది, దానికీ 15 జతల తెడ్ల రంధ్రాలున్నాయి.

తెరచాప లేని పడవలో సముద్రం దాటాలంటే లెక్క ఇలా ఉంటుంది. ముప్పై తెడ్లకు ముప్పై మంది కూర్చుని ఒకేసారి లాగితే ముప్పై మందీ ఒకేసారి అలిసిపోతారు. తీరం వెంబడి పోయేటప్పుడైతే ఒడ్డున ఆగి ఒళ్లు వాల్చొచ్చు. నడిసముద్రంలో ఆగితే అల పడవను అడ్డం తిప్పేస్తుంది, కెరటం పక్కనుంచి కొడితే నీళ్లు లోపలికొస్తాయి. కాబట్టి తెడ్లు ఆగకూడదు. అదనపు మనుషులను ఎక్కించుకుని వంతులవారీగా లాగాలి. అలిసినవాడు తెడ్డు బల్లమీద నుంచి పక్కకు తప్పుకుంటాడు, సేద తీరినవాడు ఆ చోట కూర్చుంటాడు. ‘తప్పుకోవడం’ అన్న క్రియకు పని దొరికిన చోటు అది. ఒక వంతులో లాగే దూరానికి నార్స్‌లో ‘వికా’ అని పేరు, సముద్రపు కొలతగా అది తర్వాత కూడా వాడుకలో ఉంది. వంతులు మార్చుకుంటూ పోయే దూరపు యాత్ర వీకింగ్, అలాంటి యాత్రకు పోయేవాడు వీకింగ్ర్. ఈ లెక్కన ముందు పుట్టింది స్త్రీలింగ పదం, దానినుంచి మనిషి పేరు. అంటే మామూలుగా చెప్పే వరస తలకిందులు.

దీనికి వచ్చే అభ్యంతరం హ్రస్వ దీర్ఘాలది. కొలత పేరు ‘వికా’లో ఇకారం హ్రస్వం, ‘వీకింగ్’లో దీర్ఘం. ఒకదాన్నుంచి ఒకటి నేరుగా రాదు. కానీ ఒకే ధాతువులో అచ్చు మారి, ఒక పదం హ్రస్వంతో, ఇంకోటి దీర్ఘంతో రావడం ఆ భాషల్లో మామూలే. అందుకే హెయిదె కొలత పేరునుంచి కాక క్రియనుంచి పోతాడు. ఇంగ్లీషు ‘వీక్’, అంటే ఏడురోజుల వారం, కూడా ఆ హ్రస్వపు పదానికి తోబుట్టువే, మార్పు, వంతు అన్న అర్థంలోంచి వచ్చినదే. మన ‘వారం’లోనూ వంతు అన్న అర్థమే ఉంది, వారాలు చేసుకుని చదువుకున్న పాతతరంవాళ్లకు అది చెప్పక్కర్లేదు. వీకింగ్ అన్న మాటను తెడ్ల వంతు అన్న అర్థంలో వాడిన నార్స్ రాత ఒక్కటీ లేకపోవడం ఈ వాదానికి ఉన్న లోటు. అందుకే కొందరు ఇంకా అఖాతాన్నే పట్టుకుని ఉన్నారు.

తూర్పున మాత్రం ఒక ఆసరా ఉంది. నదులవెంట తూర్పుకు పోయిన స్కాండినేవియన్లకు ‘రుస్’ అని పేరు, రష్యా పేరు అందులోంచే. ఎక్కువమంది పండితులు దీన్ని ఫిన్లండువాళ్లు స్వీడన్‌ను పిలిచే ‘రుఓత్సి’కీ, దానిద్వారా తెడ్డు వేయడం అన్న నార్స్ మాటకూ కలుపుతారు. ఒకే జనానికి రెండు దిక్కుల్లో రెండు పేర్లు, రెంటి అడుగునా తెడ్డే ఉండడం కాకతాళీయం అని కొట్టేయడం కష్టం.

మిగతావాళ్లు ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. ఇవాళ్టి ఫ్రాన్సు వైపు ఉన్న ఫ్రాంకులకు వీళ్లు ఉత్తరపువాళ్లు, అక్కడి నార్మండీ పేరు అదే. ఐర్లండులో ‘గాల్’, అంటే పరదేశి. స్పెయిన్‌లోని అరబ్బులు ‘మజూస్’ అన్నారు, అగ్నిని కొలిచే పారశీకులకు వాడే మాటను వీళ్లకూ తగిలించారు. 1075 ప్రాంతంలో జర్మనీలోని బ్రెమెన్‌కు చెందిన ఆడమ్ అనే చరిత్రకారుడు రాసింది బిట్టుకు పనికొచ్చేంత సూటిగా ఉంది: సముద్రపు దొంగలను వాళ్లు వీకింగులంటారు, మనవాళ్లు ఆస్కొమన్నులంటారు అని. ఆస్క్ అంటే యాష్ చెట్టు, ఆస్కొమన్నులంటే యాష్ చెట్టు మనుషులు.

మధ్యయుగాలు గడిచాక ఇంగ్లీషులో ఈ మాటను దాదాపు మరిచిపోయారు. తిరిగి తెచ్చింది 19వ శతాబ్దం. 1811లో స్వీడన్‌లో ఎరిక్ గుస్తావ్ గైయెర్ ‘వీకింగ్’ అన్న శీర్షికతో పద్యం రాశాడు, దేశాభిమానపు గాలి వీచింది, దొంగ కాస్తా వీరుడయ్యాడు. జాతి అన్న అర్థం గట్టిపడిందీ ఆ శతాబ్దంలోనే. కొమ్ముల టోపీ కూడా అప్పటిదే: 1876లో జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీత నాటకాలకు కార్ల్ ఎమిల్ డోప్లర్ చేసిన వేషాల ద్వారా జనంలోకి పోయింది. వైకింగుల కాలానివి దొరికిన శిరస్త్రాణాల్లో పేరున్నది 1943లో నార్వేలో యెర్ముండ్‌బూ దగ్గర బయటపడింది, దానికి కొమ్ముల్లేవు. డెన్మార్కులో వెక్సో దగ్గర దొరికినవాటికి కొమ్ములున్నాయి గానీ అవి కంచుయుగానివి, వైకింగులకు వెయ్యేళ్లకు పైగా ముందటివి.

తెలుగులో రాసేటప్పుడు ‘వైకింగ్’ స్థిరపడిపోయింది, ‘వీకింగ్’ అని రాసి చదివేవాళ్లను తికమక పెట్టనక్కర్లేదు. వైకింగుల కాలం అనొచ్చు, అది 793 నుంచి 1066 దాకా చరిత్రకారులు పెట్టుకున్న గుర్తు. వైకింగ్ ఓడ అన్నా నడుస్తుంది. వైకింగ్ భాష అనకూడదు, పాత నార్స్ అనాలి. ఐస్‌లాండులో ఇల్లు కట్టుకుని గొర్రెలు కాసినవాణ్ణి వైకింగ్ అనకుండా నార్స్ రైతు అనాలి. పరీక్షలో నాలుగు జవాబుల్లో ‘జాతి’ ఉండి, ‘సముద్రపు దాడులకు పోయినవాళ్లు’ కూడా ఉంటే రెండోదే పెట్టండి. జాతి ఒక్కటే ఉంటే మార్కు కోసం అదే పెట్టి, ప్రశ్న తయారుచేసినవాణ్ణి మనసులో తిట్టుకోండి.

పైన చెప్పిన శాసనాలు ఎవరైనా చూసుకోవచ్చు. ఉప్సాలా యూనివర్సిటీవాళ్ల రూన్ శాసనాల డేటాబేస్ ఉచితం. ప్రతి రాయికీ ప్రాంతపు అక్షరాలు, ఒక నంబరు ఉంటాయి: టోకి రాయి ఎస్‌ఎం 10, టోలా రాయి వీజీ 61, అస్సుర్ అన్నదమ్ముల రాయి డీఆర్ 334, కావలివాడి రాయి యూ 617. ఒక్కో శాసనానికి చెక్కిన అక్షరాలు ఒక వరసలో, సరిచేసిన పాత నార్స్ రూపం ఇంకో వరసలో, ఇంగ్లీషు అర్థం మరో వరసలో ఇస్తారు. రెండో వరసలో కనిపించే దీర్ఘాలు, అనునాసికాలు పండితులు పూరించినవి. రాతిమీద ఏముందో కావాలంటే మొదటి వరసే చదవాలి.